వెనుక సీటు తీర్పు

మోటారు సైకిళ్ల గురించి ఆడవాళ్లు రాయకూడదని ఎక్కడా లేదు కాబట్టి రాస్తున్నాను. పైగా ఈ విషయంలో నాకున్న అర్హత మా ఇంట్లో మగవాళ్లెవరికీ లేదు. మా మామయ్య బుల్లెట్టు, మా వారి బుల్లెట్టు, మా అబ్బాయి బుల్లెట్టు, ఈ మూడింటి వెనుక సీటు మీదా కూర్చుని ముప్పై ఏళ్లుగా తిరిగినదాన్ని నేనొక్కదాన్నే. నడిపేవాళ్లు ఎవరి బండిని వాళ్లు మెచ్చుకుంటారు. వెనుక కూర్చున్నవాళ్లకు ఏ బండీ సొంతం కాదు. అంచేత తీర్పు చెప్పే హక్కు వాళ్లకే ఉండాలని నా వాదన.

మేముండేది చంద్రపూర్‌లో, తుకుంలో. చంద్రపూర్ అంటే కాస్త ఆలోచిస్తారేమో గాని, చాందా అంటే మన పాతతరం వాళ్లకు చప్పున తెలుస్తుంది. ఊళ్లోంచి తాడోబా అడవికి పోయే దారిలో ఉంటుంది తుకుం. ఇంకాస్త ముందుకు పోతే దుర్గాపూర్ బొగ్గుగని, థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. మామయ్య 1969లో ఆసిఫాబాద్ అవతలి పల్లె నుంచి బొగ్గుగనిలో పనికని వచ్చారు. 1973లో గనులు జాతీయమయ్యాక ఉద్యోగం కుదుటపడింది. 1986లో బుల్లెట్టు కొన్నారు. ఆ రోజుల్లో మా వీధిలో మరాఠీ పిల్లలు దాన్ని "ఫట్‌ఫటీ" అనేవాళ్లట. మామయ్యకు ఆ మాట నచ్చేది కాదు. "ఫట్‌ఫటీ అంటె గా చిన్న బండ్లు. గిది బుల్లెట్టు" అని సరిదిద్దేవారట.

ఆదివారం పొద్దున మా వరండా చూడాలి. మా వారి స్నేహితులు, మా అబ్బాయి ఊళ్లో ఉంటే వాడి స్నేహితులు, జునోనా చెరువు దాకానో మొహర్లీ గేటు దాకానో బండ్ల మీద తిరిగొచ్చి మా ఇంట్లో చాయ్‌కి దిగుతారు. తెలుగు, మరాఠీ, హిందీ కలగలిపి ఒకటే వాదన. "కాస్ట్ ఐరన్" అని ఒక జట్టు, "యూసీఈ" అని ఒక జట్టు, "జే సిరీస్" అని ఇంకో జట్టు. ఎన్నికలప్పుడు కూడా మా వరండాలో అంత గట్టిగా మాట్లాడుకోరు. చాయ్ అందిస్తూ అందిస్తూ నాకు ఆ విద్య పట్టుబడింది. మీకూ నాలుగు ముక్కల్లో చెబుతాను.

బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఆ పేరుతో మొదటి బండిని 1932లో చేసింది. మన సైన్యానికి సరిహద్దు గస్తీకి బండ్లు కావలసివచ్చి ఇక్కడికి తెప్పించారు. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో బండ్లు బిగించడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు భాగాలన్నీ ఇక్కడే తయారు కాసాగాయి. పుట్టింట్లో మాత్రం 1967లో రెడ్డిచ్ కర్మాగారం మూతపడింది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ బండ్ల తయారీయే ఆగిపోయింది. అక్కడ ఆగిపోయిన బండి మద్రాసులో ఏళ్ల తరబడి పెద్దగా మార్పు లేకుండా నడిచింది. పొట్ట చేతబట్టుకుని ఊరు దాటినవాళ్లు పాత అలవాట్లను ఊళ్లో ఉన్నవాళ్లకంటే గట్టిగా పట్టుకుంటారంటారు. బుల్లెట్టూ అంతే చేసింది.

ఆ పాత బండినే కాస్ట్ ఐరన్ అంటారు. దాని సిలిండరు పోత ఇనుము. 346 సీసీ, 18 గుర్రాల బలం, నాలుగు గేర్లు. ఇంజను వేరు, గేరుబాక్సు వేరు, రెంటినీ కలిపే గొలుసు వేరు. 2008లో థండర్‌బర్డ్, 2009లో క్లాసిక్ అనే బండ్లలో కొత్త ఇంజను వచ్చింది. ఇంజను, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఇమిడిన దాన్ని యూనిట్ కన్‌స్ట్రక్షన్ అంటారు. యూసీఈ అంటే అదే. ఆ తర్వాత కొద్దికాలానికే కొత్త బండ్లలో పాత ఇనుప ఇంజను రావడం ఆగిపోయింది. మళ్లీ 2020లో మీటియర్ అనే బండితో జే సిరీస్ ఇంజను మొదలై, 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్టుకు వచ్చింది. 349 సీసీ, 20.2 గుర్రాల బలం. లెక్క వేస్తే ఇన్ని దశాబ్దాల్లో పెరిగినది రెండు గుర్రాలు. బరువు పెరిగినది పాతిక కిలోలకు పైనే. మనుషులమూ వయసుతో అలాగే కదా పెరుగుతాం!

మరి అంత గొడవ దేనికి? చప్పుడు కోసం. పాత ఇంజనులో పిస్టను పైకీ కిందికీ 90 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. సిలిండరు వెడల్పేమో 70 మాత్రమే. పొడుగాటి అడుగు, లోపల బరువైన చక్రం, నెమ్మదైన నడక. అందుకే ఒక్కో దెబ్బ విడివిడిగా, డప్పు మీద పడినట్టు వినిపిస్తుంది. యూసీఈలో కూడా కొలతలు అవే, 70, 90. అయినా పొగ నిబంధనలు కఠినమయ్యాయి. రెండు చక్రాల బండ్లకు 2010లో భారత్ స్టేజ్ మూడు, 2017లో నాలుగు, 2020లో ఏకంగా ఆరు వచ్చాయి. పొగ తగ్గించాలంటే పెట్రోలు కాలే పద్ధతి మారాలి, సైలెన్సరు లోపలి ఏర్పాటు మారాలి. అవి మారితే గొంతు మారుతుంది. జే సిరీస్‌లో కొలతలే మారిపోయాయి, 72, 85.8. లోపల అదురును అణిచే కడ్డీ ఒకటి తిరుగుతుంది. పాత జట్టువాళ్లు దాన్ని విని "గొంతు కూర్చుంది" అంటారు.

ఈ వాదాల్లో నేను గమనించిన చిత్రం ఒకటుంది. 2012లో మా వారు యూసీఈ క్లాసిక్ కొన్నారు. అప్పట్లో బుక్ చేసి నెలల తరబడి కాచుకోవాలి. బండి ఇంటికి వచ్చిన ఆదివారం ఆయన స్నేహితుడొకరు చుట్టూ తిరిగి చూసి, "బాగుంది గాని ఇది బుల్లెట్టు కాదు, బుల్లెట్టు వేషం" అన్నారు. 2021లో మా అబ్బాయి జే సిరీస్ క్లాసిక్ బుక్ చేశాడు. అదే మనిషి, అదే కుర్చీలో, అదే కప్పులో చాయ్ తాగుతూ, "ఎంతైనా ఆఖరి అసలు బుల్లెట్టు యూసీఈనే" అన్నారు. నేను పకోడీల పళ్లెం పట్టుకుని నిలబడి విన్నాను. తొమ్మిదేళ్లలో వేషం అసలైపోయింది! బండి మారలేదు, దాని తర్వాత ఇంకొకటి వచ్చింది, అంతే. చచ్చినవాడి కళ్లు చారెడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. వెళ్లిపోయేదాని వెనకాలే దాని మంచితనం బయటికి వస్తుంది. నా మాట రాసిపెట్టుకోండి, జే సిరీస్‌ను ఇప్పుడు "గొంతు లేనిది" అంటున్నవాళ్ల పిల్లలు రేపు "ఆఖరి అసలు బుల్లెట్టు" అని దాన్నే అంటారు. ఎందుకంటే 2024 నవంబరులో ఇటలీలోని మిలాన్‌లో ఆ కంపెనీయే కరెంటుతో నడిచే బండిని చూపించింది. దాని పేరు ఫ్లయింగ్ ఫ్లీ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి పారాచూట్లతో దించిన చిన్న బండి పేరది. పేరు పాతదే, చప్పుడు మాత్రం ఉండదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. మిషిగన్‌లో ఉన్న మా ఆడబిడ్డ కొడుకు ఫోను చేసినప్పుడు చెబుతుంటాడు. అక్కడ డాడ్జ్ చాలెంజర్ అని ఎనిమిది సిలిండర్ల కారు ఉండేది. రోడ్డు అదిరేలా పోయే అలాంటి బండ్లను వాళ్లు కండల కార్లంటారు. 2023 డిసెంబరులో చాలెంజర్ తయారీ ఆగిపోయింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ తెచ్చిన కొత్త చార్జర్ కరెంటుతో నడుస్తుంది. పాత కారుకంటే వేగంగా దూకుతుందట. కాని చప్పుడు లేకపోతే ఎవరూ కొనరని, చప్పుడు పుట్టించే సాధనం ఒకటి అమర్చి అమ్మారు! తర్వాత ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతోనూ తెచ్చారు. "అత్తా, ఇక్కడా మీ వరండాలాగే ఉంది, చాయ్ ఒక్కటే లేదు" అన్నాడు వాడు.

ఈ వాదన విన్నప్పుడల్లా నాకు రోలు గుర్తొస్తుంది. రోటి పచ్చడి రుచి మిక్సీ పచ్చడికి రాదని మన ఇళ్లలో మగవాళ్లందరూ అంటారు. నిజమే, రాదు. కాని ఆ మాట అన్నవాళ్లలో పొత్రం పట్టినవాళ్లెందరు? మా అత్తమ్మ ముప్పై ఏళ్లు రోటి ముందు కూర్చుంది. మిక్సీ వచ్చిన రోజున ఆమె రుచి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "నడుము బతికింది" అంది. పాతదాని గొప్ప చెప్పేవాళ్లను మొదట ఒకటి అడగాలి. ఆ గొప్పకు ఒళ్లు వంచినది ఎవరు అని.

ఇక నా తీర్పుకు వస్తాను. వెనుక సీటు మీద నాకు తెలిసిన కొలతలు మూడు. గాజులు, అద్దం, బ్రేకు.

పాత బుల్లెట్టు మీద పోతుంటే నా చేతి గాజులు తమంతట తామే మోగేవి. పెళ్లయిన కొత్తలో, 1992లో, మా వారు మామయ్య బండి తీసుకుని నన్ను ఆసిఫాబాద్ అవతల మా ఊరికి తీసుకుపోయేవారు. బల్లార్‌పూర్ దాటి, వార్ధా నది వంతెన దాటి, రాజురా మీదుగా, వాంకిడి మీదుగా. సీటు పొడుగ్గా, పరుపులా ఉండేది. ఎడమవైపు చీర చక్రంలో పడకుండా ఇనుప జాలీ. పిల్లలు పుట్టాక పెద్దవాడు టాంకు మీద, చిన్నది నా ఒళ్లో, ఒక పక్క బియ్యం సంచి. అలా పోకూడదని ఇప్పుడందరికీ తెలుసు, అప్పుడందరూ అలాగే పోయేవారు. అద్దంలో చూస్తే వెనుక వచ్చే లారీ ఒకటి మూడుగా కనిపించేది. ఆ అదురుకు దిగిన తర్వాత కూడా అరగంట దాకా అరికాళ్లు జుమ్మనేవి. ఇక ఆగడం అంటారా, జట్‌పురా గేటు దగ్గర ఆగాలంటే మా వారు చాలా ముందు నుంచే ఆగడం మొదలుపెట్టేవారు.

యూసీఈ వచ్చాక గాజులు నెమ్మదించాయి. వేగం ఎనభై దాటితేనే మోగేవి. లారీ మూడు కాదు, ఒకటిన్నర. కాని సీటు మాత్రం నాకు నచ్చలేదు. నడిపేవారికి వెడల్పైన సీటు వేరు, వెనుక మనిషికి చిన్న మెత్త వేరు. బండి గీసినవాడెవరో పెళ్లికానివాడై ఉంటాడని మా అత్తమ్మ అంది.

జే సిరీస్ మీద గాజులు మోగవు. అద్దంలో లారీ లారీలాగే కనిపిస్తుంది, డ్రైవరు మొహంతో సహా. బ్రేకు సంగతి చెప్పాలంటే ఒక సాయంత్రం చెప్పాలి. 2022 వానాకాలంలో అబ్బాయితో జునోనా వైపు నుంచి వస్తున్నాను. సన్నటి వాన, రోడ్డంతా తడి. చెట్ల మధ్య నుంచి అడవిపంది ఒకటి, దాని వెనకాల పిల్లలు, ఉన్నట్టుండి రోడ్డు మీదికి వచ్చాయి. వాడు రెండు బ్రేకులూ పట్టాడు. పెడల్ కింద టకటకమని చప్పుడు, బండి గీత గీసినట్టు నిటారుగా వచ్చి ఆగింది. పందులు మమ్మల్ని ఒకసారి చూసి వాటి దారిన అవి పోయాయి. చక్రం బిగుసుకుపోకుండా చూసే ఆ ఏర్పాటును ఏబీఎస్ అంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది ఉండి తీరాలని మన దేశంలో చట్టం. ఇంటికి వచ్చాక వరండాలో ఎవరో "కొత్త బండికి ఆత్మ లేదు" అన్నారు. "ఆత్మ సంగతి నాకు తెలియదు గాని, ప్రాణం మీద దానికి గౌరవం ఉంది" అన్నాను. ఆ రోజు వాదన అక్కడితో ముగిసింది.

కాబట్టి కూర్చునేవాళ్ల తీర్పు కొత్తదానికే. ఇందులో నాకు అనుమానం లేదు. అయితే కథ ఇక్కడ ఆగితే ఇంత రాయనక్కరలేదు.

2021లో రెండు పనులు ఒకేసారి వచ్చిపడ్డాయి. అబ్బాయి కొత్త బండి బుక్ చేశాడు. మామయ్య పాత బండి రిజిస్ట్రేషన్ గడువు ముగిసింది. సొంత బండికి పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యూవల్ చేయించుకోవాలి. అప్పటికి మామయ్యకు డెబ్బై ఏడు. మోకాళ్లు అరిగి కిక్కు కొట్టలేకపోతున్నారు. ఏడాదిగా బండి కదలలేదు. నాగపూర్ నుంచి ఒకాయన వచ్చి చూసి, పాత ఇనుప ఇంజను చెక్కుచెదరకుండా ఉందని మంచి ధర చెప్పాడు. ఆ ఏడే "బుల్లెట్టు బండి" పాట మన ఊళ్లన్నిటా మారుమోగింది. మంచిర్యాల పక్కన ఒక పెళ్లికూతురు ఆ పాటకు ఆడిన ఆట ఫోన్లలో చూడనివాళ్లు లేరు. బుల్లెట్టు అంటే అంత మోజు ఉన్న సమయం. మా వారు అమ్మేద్దామన్నారు. అబ్బాయి వద్దన్నాడు, కాని వాడికి ఆ బండి స్టార్టు చేయడం రాదు. పుణేలో ఉద్యోగం, కొత్త బండి వాడితో పోతుంది. మామయ్య ఏమీ అనలేదు. కొత్త బండి ఇంటికి వచ్చిన రోజు దాని చుట్టూ తిరిగి ఒక్కటే అడిగారు.

"కిక్కేది రా?"

"కిక్కు లేదు తాతా, బటనే."

"కిక్కు లేని బుల్లెట్టా!" అని నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు. తన పని అయిపోయిందని తెలిసిన మనిషి నవ్వు అది.

ఆ నవ్వు మా అమ్మాయికి తగిలింది. అప్పుడు దానికి ఇరవై మూడేళ్లు, నాగపూర్‌లో ఉద్యోగం, ఆ నెలల్లో ఇంటి నుంచే పని. "తాతా, నాకు నేర్పు" అంది.

పాత బండి నేర్చుకోవడం చిన్న పని కాదు. తాళం తిప్పి బటను నొక్కితే కదిలేది కాదు. హెడ్‌లైటు మీద గడియారంలాంటి చిన్న మీటరు ఉంటుంది, ఆంమీటరు. తాళం తిప్పి కిక్కును కాలితో మెల్లగా నొక్కుతుంటే అందులో సూది ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. లోపల పాయింట్లు విడిపోయే చోటికి రాగానే సూది నడుముకు వస్తుంది. అక్కడ ఆగాలి. హ్యాండిలు ఎడమపక్కన ఉన్న చిన్న లివరు పట్టుకుంటే సిలిండరులో బిగిసిన గాలి బయటికి పోతుంది. అలా పట్టుకుని కిక్కును కొంచెమే దాటించి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు బరువంతా వేసి ఒక్క తన్ను. వరస తప్పితే కిక్కు వెనక్కి తన్నుతుంది, మోకాలు గుర్తుపెట్టుకుంటుంది.

దానికంటే ప్రమాదం కాళ్ల తికమక. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. ఇప్పటి బండ్లలో చాలావాటికి దీనికి సరిగ్గా తిరగేసి. కొత్త బండి అలవాటైన కాలు, ఎదురుగా ఏదైనా వచ్చి గాభరా పడితే, బ్రేకు అనుకుని గేరు తొక్కుతుంది. నాకు భయం ఇక్కడే. "నేర్చుకో, కాని మైదానంలోనే" అన్నాను. మామయ్య నా పక్షమే మాట్లాడారు. "అమ్మ చెప్పింది నిజం బిడ్డా. బుద్ధి యాదికి పెట్టుకుంటె సరిపోదు, కాలు యాదికి పెట్టుకోవాలె."

నెల రోజులు పొద్దున్నే మైదానంలో కుర్చీ వేసుకుని మామయ్య, బండితో అమ్మాయి. ఆయన కూర్చున్నచోటు నుంచి లేవకుండా చెప్పేవారు. "సూది నడుమకు వచ్చిందా? గప్పుడు ఆగు. తొందరపడకు. బండిని స్టార్టు చేసుడు కాదు బిడ్డా, దాన్ని అడుగుడు." ఇంజను మీద టప్పెట్లు సరిచేయడం కూడా నేర్పారు. బండి చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, లోపలి కడ్డీని రెండు వేళ్లతో తిప్పి చూడాలి. తిరగాలి, కాని పైకీ కిందికీ ఆడకూడదు. యూసీఈకి ఆ పనే లేదు, నూనె ఒత్తిడితో దానంతటదే సర్దుకుంటుంది. మా వారికి తొమ్మిదేళ్లుగా టప్పెట్ మూత తీయవలసిన అవసరం రాలేదు. అందుకే ఆయనకు ఆ విద్య చేతిలో లేదు. అది ఆయన లోపం కాదు. అడగని విద్యను చేయి ఎందుకు దాచుకుంటుంది?

అప్పుడు నాకు ఒక సంగతి అర్థమయింది. వరండాలో చప్పుడు పోయింది, ఇనుము పోయింది అని బాధపడుతుంటారు. చప్పుడు ఫోనులో పట్టి దాచుకోవచ్చు. ఇనుమును డబ్బున్నవాడు కొని అద్దాల గదిలో పెట్టుకోవచ్చు, నాగపూర్ ఆయన అదే చేయబోయాడు. ఒక తరం బండి వెళ్లిపోతే నిజంగా వెళ్లిపోయేది దాన్ని నడిపినవాళ్ల చేతుల్లో, కాళ్లలో, చెవుల్లో ఉన్న చదువు. కొత్త బండి మంచిది కావడానికి కారణం అది మనల్ని ఏమీ అడగకపోవడం. పాత బండి ప్రియమైనది కావడానికి కారణం అది అడగడం. రెండూ నిజమే. ఒకదాన్ని పొగడడానికి ఇంకొకదాన్ని తిట్టనక్కరలేదు.

అమ్మాయి ఆ చదువును నోటు పుస్తకంలో రాసుకుంది. ఒకరోజు ఆ పుస్తకం తెరిచి చూసి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. మామయ్య చెప్పిన తెలుగు మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి, కాని మరాఠీ లిపిలో! అది చదివింది మరాఠీ బడి. తెలుగు మాట్లాడుతుంది, రాయడం రాదు. "యాదికి", "గప్పుడు", "నడుమకు" అన్నీ దేవనాగరిలో వరుసగా. ఈ పత్రిక చదివే మన ఇళ్లలో ఇలాంటి పుస్తకాలు ఎన్ని ఉన్నాయో! మాట తాతది, లిపి బడిది. దాన్ని చూసి మొదట దిగులేసింది. తర్వాత, రాసుకోకుండా వదిలేసి ఉంటే మాటే ఉండేది కాదు కదా అనిపించింది. ఆ పుస్తకాన్ని నేను ఎడమ పేజీల్లో తెలుగు లిపిలో ఎత్తి రాశాను. కుడి పేజీ దానిది, ఎడమ పేజీ నాది. పక్కపక్కనే చూసి చదువుతూ చదువుతూ అది తెలుగు అక్షరాలు సగం పట్టేసింది. బుల్లెట్టు పేరు చెప్పి "ట" వత్తు కూడా నేర్చుకుంది.

బండి అమ్మలేదు. తనిఖీకి తీసుకుపోయి రెన్యూవల్ చేయించాం. అప్పుడు ఫీజు మూడు వందలే, 2022 ఏప్రిల్ నుంచి వెయ్యి అయింది. మా వారు ఆ మాట చెప్పి, సమయానికి చేయించాం అని ఇప్పటికీ సంతోషిస్తుంటారు. అమ్మకూడదన్న నిర్ణయం ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. ఒక ఆదివారం వరండాలో అందరూ వాదించుకుంటుండగా, లోపలి నుంచి అమ్మాయి వచ్చి, తాళం తిప్పి, సూది చూసుకుని, లివరు పట్టి వదిలి, ఒక్క తన్ను తన్నింది. రెండో తన్ను అక్కరలేకపోయింది. వాదన మధ్యలోనే ఆగిపోయింది. పక్కింటి కాకూ గోడ మీదుగా తొంగిచూసి "కోణ్ ఆలే?" అని అడిగింది. ఎవరొచ్చారని. ఏడాదిగా వినపడని చప్పుడు కదా!

ఇప్పుడు మామయ్యకు ఎనభై దాటాయి. అబ్బాయి బండి పుణేలో ఉంది. మా వారి యూసీఈ రోజూ పనికి పోతుంది. పాత బండి అమ్మాయి వచ్చినప్పుడు పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉండగా, తాడోబా దారిలో కాస్త దూరం పోయి వస్తుంది. హెల్మెట్టుతోనే, నెమ్మదిగానే. ఆ షరతులు నావి. దూర ప్రయాణమైతే మాత్రం నేను కొత్త బండే ఎక్కుతాను. ఇందులో మొహమాటం లేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. పెద్దాయన కుట్టు మిషను, నాయనమ్మ విసుర్రాయి, మూలన పడిన మగ్గం. వస్తువు ఉంచుకోవాలా అమ్మాలా అన్నది మీ ఇంటి జాగాను బట్టి, జేబును బట్టి మీరే చూసుకోండి. అమ్మే ముందు మాత్రం దాన్ని వాడినవాళ్ల పక్కన ఎవరైనా పిల్లలను కూర్చోబెట్టి నాలుగు ముక్కలు రాయించండి. ఏ లిపి అయినా ఫరవాలేదు. ఎడమ పేజీ మాత్రం ఖాళీగా వదిలిపెట్టమనండి.